మొహం తిప్పుకున్న చక్రవర్తి

తొమ్మిదో భాగం

పోయిన వారం నన్ను స్టోర్‌రూమ్‌లో వదిలేసి మీరంతా పత్రిక మడిచి హాయిగా భోజనానికి లేచారు. నేను మాత్రం ఇంకా అక్కడే ఉన్నాను. షట్టర్ దించే ఉంది. నా ఫోను, పూలమ్మ ఫోను బల్ల అవతల స్టీలు పళ్లెంలో పెట్టించారు. డిసెంబరు నెల, అయినా వీపు మీద చెమట కారుతోంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మిగతావాళ్లు ఓపిక పట్టండి. నా పేరు వైశాలి. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మా పరిశోధన సంస్థ ఉంది. తవ్వకాల్లో దొరికిన పూసలు, గాజు ముక్కలు, మట్టి బొమ్మలు చూసి ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద గీయడం నా ఉద్యోగం. నాకంటే ముందు ముప్పయ్యేళ్లు అదే బల్ల దగ్గర మా బాపు, అంటే మా నాన్న, వామన్‌రావు గీశాడు. అప్పట్లో మంజీర ఒడ్డున నెమలిదిబ్బలో మా సంస్థ పెద్దాయన ప్రొఫెసర్ గోపాలరావుగారు తవ్వకం జరిపించారు. రూపాయి బిళ్లంత మట్టి బిళ్ల ఒకటి దొరికింది. దాని మీద రోము చక్రవర్తి తల, చుట్టూ రోము అక్షరాలు. ఆ ఒక్క బిళ్ల పట్టుకుని గోపాలరావుగారు నాలుగు వందల పేజీల పుస్తకం రాశారు. రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు మంజీర ఒడ్డున ఇళ్లు కట్టుకుని కాపురాలు చేశారన్నది అందులో సారాంశం. పుస్తకం అట్ట మీద మా బాపు గీసిన బిళ్ల బొమ్మ.

వచ్చే నెల ఆ బిళ్ల విదేశంలో ప్రదర్శనకు వెళ్లాలి. పంపే ముందు పరీక్ష చేయడానికి లహరి అనే అమ్మాయి వచ్చింది. పొట్లం విప్పి, పుస్తకం పక్కన పెట్టి, "మేడమ్, ఇది అది కాదు" అని ఒక్క మాట అని నాంపల్లి స్టేషన్‌లో బండెక్కి వెళ్లిపోయింది. తప్పు ఆ పిల్లది కాదు. పుస్తకంలో చక్రవర్తి ఉబ్బెత్తుగా ఉన్నాడు, కుడివైపు చూస్తున్నాడు. పొట్లంలో ఉన్నాయన మట్టిలోకి గుంటపడి ఉన్నాడు, ఎడమవైపు చూస్తున్నాడు. అక్షరాలు కూడా తిరగబడి ఉన్నాయి. అసలు బిళ్ల ఎవరో కొట్టేసి నకిలీది పెట్టారని గోల మొదలైంది. దొంగ కోసం వెతికితే ఎవరు దొరుకుతారు? ఇరవై రెండేళ్లుగా మా దగ్గర ఊడ్చి తుడిచే పూలమ్మ దొరికింది.

పోయిన వారం చివర ఆ బిళ్లను నేను మొదటిసారి చేతిలోకి తీసుకుని చూశాను. చూడగానే అర్థమైంది. బిళ్ల మారలేదు. చపాతీ పిండి మీద రూపాయి నొక్కి తీసి చూడండి, మీకే తెలుస్తుంది. పిండిలో బొమ్మ గుంటపడుతుంది, ఎడమ కుడి తిరగబడుతుంది. నెమలిదిబ్బ కుమ్మరి ఎవరో చేతికి దొరికిన రోము నాణేన్ని తడి మట్టి మీద నొక్కాడు. పైన చిల్లు పెట్టి కాల్చాడు. అంతే జరిగింది. అసలు బిళ్ల పొట్లంలో ఉన్నదే. తప్పు ఉన్నది బొమ్మలో, అది గీసింది మా బాపు.

ఆ మాట నోటిదాకా వచ్చేసరికి షట్టర్ దిగింది. మీరు వెళ్లిపోయారు.

* * *

షట్టర్ దించినాయన శ్యామ్‌సుందర్, మా ట్రస్టు కార్యదర్శి. సుల్తాన్ బజార్‌లో మూడు తరాల బట్టల షాపు ఆయనది. చెడ్డవాడని చెప్పను. ఆయనకు ప్రతిదీ సాయంత్రం షాపు కట్టేలోగా తెమిలిపోవాలి, అదొక్కటే ఆయన జబ్బు. నా ముందు ఒక టైపు చేసిన కాగితం పెట్టాడు.

"జర సంతకం పెట్టుండ్రి మేడమ్. నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తడు. ఆయన వచ్చేవరకు కాగితం తయార్ ఉండాలె."

కాగితంలో రెండే వాక్యాలు. 'రెండు వందల పద్నాలుగో నంబరు మట్టి బిళ్ల గత మార్చి తనిఖీలో అసలుదే ఉన్నదని నేను స్వయంగా చూశాను. ఆ తర్వాత తాళంచెవి పూలమ్మకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు.'

రెండోది నిజం. శుక్రవారం దుమ్ము దులపడానికి తాళంచెవి పూలమ్మకు నేనే ఇస్తాను. పోయిన వానాకాలం స్టోర్‌లోకి నీళ్లు కారి పొట్లాలు తడిస్తే, కాగితాలు మార్చమని చెప్పి నేను బయట ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ తాగాను. మార్చింది ఆమె ఒక్కతే.

మొదటి వాక్యం ఉంది చూశారూ, అదే నా గొంతుకు పడ్డ ఉరి. మా దగ్గర మట్టి వస్తువుల పొట్లం ఊరికే విప్పకూడదని ఆనవాయితీ, విప్పితే అంచులు రాలతాయి. పొట్లం మీద వస్తువు బొమ్మ అంటించి ఉంటుంది. ఏటా మార్చిలో ఆ బొమ్మను రిజిస్టర్‌లో బొమ్మతో పోల్చి 'సరిపోయింది' అని సంతకం పెడతాం. రెండూ మా బాపు గీసినవే, సరిపోక చస్తాయా! అలా పదకొండేళ్లు పదకొండు సంతకాలు పెట్టాను. ఒక్కసారీ పొట్లం విప్పలేదు.

"పూలమ్మ తీసిందని మీరు చూసిన్రా?" అన్నాను.

"నేను చూసుడేంది, ఆమెనే ఒప్పుకుంది. అడగగానే ఏమన్నదో తెల్సా? 'ఔ సార్, వానలప్పుడు చేతిల పట్టుకొని చూసిన. గది మెడల ఏస్కునేది. చిల్లు కాడ తాడు ఒరుసుకున్న గాడి ఉన్నది' అన్నది. ఊడ్చే మనిషికి గంత బారీకుగ చూసే పనేంది మేడమ్?"

ఆ మాట పూలమ్మ వానాకాలంలోనే నాతో అంది. తన మెడలో పసుపుతాడు బయటికి తీసి, పుస్తె చిల్లు దగ్గర అరిగిన చోటు చూపించి మరీ చెప్పింది. "రోమన్లు మంగళసూత్రాలు కట్టుకున్నరా ఏంది" అని నేను ఎగతాళి చేశాను. నాలుగు వందల పేజీలు రాసినాయనకు కనపడనిది, గీసినాయనకు కనపడనిది, పదకొండు సంతకాలు పెట్టిన ఈ మహాతల్లికి కనపడనిది ఆమెకు కనపడింది. ఇప్పుడు అదే ఆమె మీద నేరమై కూర్చుంది.

శ్యామ్‌సుందర్ ఫోను మోగింది. మాట్లాడుతూ పక్క తలుపులోంచి బయటికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ బయటి నుంచి గడియ పెట్టాడు. గదిలో నేను, గోపాలరావుగారు మిగిలాం. పూలమ్మ లోపలి సామాన్ల గదిలో కూర్చుని ఉంది.

* * *

గోపాలరావుగారికి డెబ్భై తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్నగారు యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఎన్నేళ్లయినా ఈయన మాట మాత్రం కృష్ణ ఒడ్డునే ఆగిపోయింది. ఇంతసేపూ తన పుస్తకం తిరగేస్తూ కూర్చున్నారు. గడియ పడ్డాక కళ్లద్దాలు తీశారు.

"నీకు తెలిసిపోయింది కదూ అమ్మాయ్."

నేను బిత్తరపోయాను. "మీకెప్పటి నుంచి తెలుసు సార్?"

"తొంభై ఆరు. రెండో ముద్రణకి ఫొటో కావాలన్నారు. పొట్లం విప్పాను. చూశాను. మళ్లీ కట్టేశాను."

ఆయన ఎంత నెమ్మదిగా చెప్పారంటే, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ముప్పయ్యేండ్లు కట్టేసి కూర్చున్నరా?"

"నీ కోపం నాకు అర్థమవుతోంది. కానీ ఒక్కటి విను. ముద్రలు గీసేటప్పుడు మీరేం చేస్తారు?"

చిన్నపిల్లకు పాఠం అడిగినట్టు అడిగారు. ముద్ర మీద బొమ్మ తిరగేసి చెక్కి ఉంటుంది. అందుకని దాని మీద తెల్ల సున్నపు ముద్ద నొక్కి, అచ్చు తీసి, సరిగా వచ్చిన ఆ అచ్చును చూసి గీస్తాం. కింద 'అచ్చు' అని రాస్తాం. మా పనిలో ఓనమాలు అవే.

"మీ నాన్న ఆ బిళ్ల చూసి ముద్ర అనుకున్నాడు. గుంటగా ఉంది, అక్షరాలు తిరగబడి ఉన్నాయి, మరి అనుకోడూ? అలవాటు ప్రకారం అచ్చు తీశాడు. అచ్చు చూసి గీశాడు. కింద ఆ రెండక్షరాలు రాయడం మరిచిపోయాడు. నేను ఆ బొమ్మ చూసి, ఇది రోములోనే తయారైన పతకం అనుకుని పుస్తకం రాసేశాను. తర్వాత తెలిసినా, వామన్‌రావు పేరు పాడవుతుందని ఊరుకున్నాను."

"వామన్‌రావు పేరేనా సార్, గోపాలరావు పేరు గూడనా?"

నా నోరు మంచిది కాదని మా అమ్మ ఎప్పుడూ తిడుతుంది. ఈసారి మాత్రం అనాల్సిన మాటే అన్నాను.

ఆయన కోప్పడలేదు. "నాదీ పోతుంది, కాదనను. రోమన్ల కాపురం అని రాశాను. తీరా చూస్తే ఏముంది? ఎవడో కుమ్మరి సంతలో నాణెం చూసి ముచ్చటపడి మట్టి మీద నొక్కి, కూతురి మెడలో కట్టాడు. దానికి నాలుగు వందల పేజీలు ఎవరు చదువుతారమ్మా?"

"నేను చదువుత సార్. గదే కదా అసలు సంగతి! రోము చక్రవర్తి మొహం ఒక్క రోమనూ రాకుండనే మంజీర ఒడ్డుకొచ్చింది. చదువరాని కుమ్మరి ఆ అక్షరాలు చూసి మురిసిండు. ఎవరిదో రూపాయి మన పిల్ల మెడల సొమ్మయింది. దండెత్తి వచ్చి కూర్చుంటే గింత దూరం వస్తుండెనా ఆ మొహం?"

ఆ క్షణం ఆయన కళ్లలో ఏదో కదిలింది. ఆయనలో పంతులు ఇంకా చావలేదనిపించింది. మరుక్షణం కళ్లద్దాలు పెట్టేసుకున్నారు.

"బాగానే చెప్పావు. ఇంకోటి కూడా ఆలోచించు. ప్రదర్శనలో బిళ్ల పక్కన మీ నాన్న గీసిన అసలు బొమ్మ అద్దం కట్టించి పెడుతున్నారు. కింద అతని పేరు వేస్తున్నారు. నీకు తెలుసుగా?"

తెలియకేం. ముప్పయ్యేళ్లలో మా బాపు బొమ్మలు పదిహేడు పుస్తకాల్లో వచ్చాయి, ఒక్కదాంట్లోనూ పేరు లేదు. గీసేవాళ్ల పేరు వేయడం అప్పట్లో లేదు. ఇన్నాళ్లకు పేరు వస్తోందని ఉత్తరం రాగానే గౌలిగూడలో మా సందంతా తిరిగి చదివి వినిపించాడు. పాలవాణ్ని కూడా ఆపి వినిపించాడు.

"నువ్వు నిజం చెబితే ఆ బొమ్మ తప్పని రాస్తారు. పదకొండేళ్లు చూడకుండా సంతకాలు పెట్టావని నీ మీద రాస్తారు. పూలమ్మది ఏముంది, ఒక లాయరును పెట్టి నాంపల్లి కోర్టులో బెయిలు ఇప్పించవచ్చు. నేనే చూస్తాను ఆ సంగతి."

నిజం దాచుకోకుండా చెబుతున్నాను, నేను ఊగిసలాడాను. కలం మూత తీశాను కూడా. బాపు మొహం కళ్ల ముందు ఆడింది. నా ఉద్యోగం కళ్ల ముందు ఆడింది. నా మీద నాకే అసహ్యం వేసింది. కలం అక్కడ పెట్టి సామాన్ల గదిలోకి వెళ్లాను.

* * *

పూలమ్మ పాత అట్టపెట్టె మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంటోంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"అన్నం తిన్నవా బిడ్డా?" అంది నన్ను చూడగానే.

"నీకు గిప్పుడు నా అన్నం గుర్తొచ్చిందా?"

"పొద్దుగాల్నించి ఏం తినలే నువ్వు. చూస్తనే ఉన్న." గొంతు తగ్గించింది. "సంతకం పెట్టేయి వైశాలమ్మా. పెట్టకపోతే నీ మీదికొస్తదని శ్యామ్‌సుందర్ సారు అన్నడు. నీది పెద్ద నౌకరి. నాకేముంది? ఊడ్చే పని యాడైన దొర్కుతది."

"దొంగ అని పేరొస్తే దొర్కుతదా?"

అప్పుడు ఆమె మొహం మారింది. "గదే బిడ్డా నా భయం. నాంపల్లిల మా బస్తీల అందరి ఇండ్ల తాళంచెవులు నా కాడనే ఉంటయి. ఊరికి పోతే పూలమ్మకిచ్చి పోతరు. రేపు ఎవరిస్తరు? నేను తియ్యలే. నువ్వన్న నమ్ముతవా?"

ఆ ప్రశ్న నన్ను చెప్పుతో కొట్టినట్టయింది. తీయలేదని ఆ భవనంలో అందరికంటే ఎక్కువ తెలిసింది నాకే. తెలిసి కూడా కలం మూత తీసి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నమ్ముడు కాదు, నాకు తెల్సు. లే, రా నాతోని."

గడియ చప్పుడైంది. శ్యామ్‌సుందర్ తిరిగొచ్చాడు. ఆయన కూర్చునేలోగా మొదలుపెట్టాను. మధ్యలో ఆపితే మళ్లీ ధైర్యం రాదని ఆపకుండా చెప్పాను. బిళ్ల మారలేదని, బొమ్మ అచ్చు చూసి గీసిందని, నా పదకొండు సంతకాలూ గుడ్డి సంతకాలని, అన్నీ చెప్పేశాను.

"నమ్మకపోతే మీ ఫోన్ల బిళ్ల ఫొటో తియ్యిండ్రి. అద్దంల చూసినట్టు తిప్పుండ్రి. పుస్తకం పక్కన పెట్టుండ్రి."

ఆయన తీశాడు. తిప్పాడు. చక్రవర్తి ఫోనులో కుడివైపు తిరిగాడు. ముక్కు, గడ్డం, మెడ వెనక ముడి, అంచున విరిగిన పెచ్చు, గీతకు గీత సరిపోయాయి. శ్యామ్‌సుందర్ నోరు తెరిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయిపోయింది, బయటపడ్డాం అనుకున్నాను.

ఆయన వ్యాపారం చేసే మనిషి. నకిలీ సరుకు ఎలా పుడుతుందో పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు.

"వైశాలీ మేడమ్, అప్పట్ల తీసిన సున్నపు అచ్చు యాడున్నది?"

"రెండో అలమారల."

"గా అలమార దుమ్ము దులిపేది ఎవరు?"

ఆయన ఎక్కడికి వస్తున్నాడో అర్థమైపోయింది.

"గా అచ్చు మీద తడి మట్టి నొక్కి కాలిస్తే ఏమొస్తది? గిదే వస్తది. గుంటపడ్డ బొమ్మ, ఉల్టా అక్షరాలు, పెచ్చుతోని సహా. తెల్వనోళ్లు నకిలీ చేస్తే గిట్లనే ఉల్టా వస్తది. మీరు చూపెట్టిన సరిపోవుడు దొంగతనానికి గూడ సరిపోతది."

"మరి తాడు గాడి? రెండు వేల ఏండ్ల కిందటి అరుగుడు..."

"దారంతో రాస్తే పడదా? ల్యాబుకు పంపుదాం, నేను కాదంటలేను. ఆరు నెల్లు పడ్తది. ఇన్‌స్పెక్టర్ సాబ్ నాలుగింటికి వస్తడు."

ఎటు పోయినా గోడే. నేను గోపాలరావుగారి వైపు తిరిగాను. "సార్‌కు తెల్సు. తొంభై ఆరుల పొట్లం విప్పి చూసిన్రు. అప్పుడు గూడ గిట్లనే ఉన్నది. గిప్పుడే నాతో చెప్పిన్రు. చెప్పండి సార్!"

ఆయన పుస్తకంలో పేజీ తిప్పారు. "నాకు అంత జ్ఞాపకం లేదు శ్యామ్‌సుందర్. వయసు మీద పడింది."

అంత పెద్దమనిషి కళ్ల ముందు అంత చిన్నవాడైపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్," అన్నాడు శ్యామ్‌సుందర్, కాస్త మెత్తబడి. "అసలుది చేతిల పట్టి గీసిన మనిషి ఇంకొకరున్నరు కదా. మీ బాపుకు ఫోన్ చేసిన. ఆటోల వస్తున్నడు. ఆయన ఇదే అంటే పోలీసుల్ని వాపస్ పంపిస్త. పూలమ్మ ఇంటికి పోతది. కాదంటే కాదు. ఆయన మాటే ఆఖరు."

* * *

బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో తన భూతద్దం ఉంది, తోలు సంచిలో. పూలమ్మ లేచి నిలబడింది. ఆయన రాగానే ఆమె మొహంలో వెలుగు వచ్చింది, ఆ వెలుగు చూసి నాకూ ధైర్యం వచ్చింది. ముప్పయ్యేళ్లు బీడీ ముక్క కూడా తనది కానిది తీసుకోని మనిషి మా బాపు.

"మేడమ్ నోరు తెరవొద్దు," అని శ్యామ్‌సుందర్ నన్ను ముందే హెచ్చరించాడు. ఫోనులో ఫొటో చూపించి, నేను చెప్పిందంతా ఆయనకు చెప్పాడు. తర్వాత బిళ్ల ముందు పెట్టాడు.

బాపు భూతద్దం పట్టాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు చూశాడు. బిళ్లను మెల్లగా తిప్పి అంచు చూశాడు, చిల్లు చూశాడు. ఆ తర్వాత తలెత్తి గోపాలరావుగారి వైపు చూశాడు. ఆయన ఈయన వైపు చూడలేదు.

"చెప్పుండ్రి వామన్‌రావు సాబ్. అచ్చు చూసి గీసి, రాయనీకి మర్చిపోయిన్రా?"

"నేనా?" అన్నాడు బాపు. "ముప్పయ్యేండ్లు గీసిన. అచ్చు చూసి గీస్తే కింద రాయకుండ ఉంటనా? ఒక్క కాగితం చూపెట్టుండ్రి నేను రాయనిది."

"అయితే అసలుది ఎట్లుండె?"

"ఉబ్బెత్తు బొమ్మ. కుడి దిక్కు చూస్తుండె. గీ చేతుల్ల పట్టుకున్న. తవ్వకం కాడికెళ్లి తెచ్చినప్పుడు ఎండకు ఇంక వెచ్చగ ఉండె." బిళ్లను వేలితో కొంచెం పక్కకు నెట్టాడు. "గిది కాదు."

మా బాపు అడిగినదానికంటే ఒక్క మాట ఎక్కువ చెప్పే మనిషి కాదు. ఈరోజు ఎండ వెచ్చదనంతో సహా చెప్పాడు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. దుఃఖం అడ్డం వచ్చి రాలేదు.

"వామన్ సారూ," అంది పూలమ్మ. "జర మల్లొకసారి చూడు. నీ బల్ల తుడిచిన చేతులివి. పిన్నీసు కింద పడ్డా తీసి నీ చేతికిచ్చిన. నేను దొంగనా సారూ?"

బాపు ఆమె వైపు చూడలేదు. శ్యామ్‌సుందర్ అప్పటికప్పుడు రాసిన కాగితం ముందుకు జరిపాడు. 'అసలు బిళ్లను నేను స్వయంగా చేతితో పట్టుకుని చూసి గీశాను. ఇప్పుడు చూపినది అది కాదు.' బాపు సంతకం పెట్టాడు. బొమ్మ కింద గీత గీసినట్టు, తిన్నగా, అందంగా పెట్టాడు.

పూలమ్మ మళ్లీ కూర్చుండిపోయింది.

నాకు కన్నతండ్రి మీద ఇంత కోపం వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. బల్ల మీద నుంచి తెల్ల కాగితం ఒకటి లాక్కున్నాను. గోడవార బెంచీ మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. బాపు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. శ్యామ్‌సుందర్ ఇన్‌స్పెక్టర్‌కు దారి చెబుతున్నాడు ఫోనులో. నుమాయిష్ ఎగ్జిబిషన్ పనుల కోసం నాంపల్లి దగ్గర రోడ్డు మూశారట, గన్‌ఫౌండ్రీ నుంచి రమ్మంటున్నాడు.

"ఏం రాస్తున్నవ్?" అన్నాడు బాపు, నాకు మాత్రమే వినపడేలా.

"మా బాపు అబద్ధం ఆడిండని రాస్తున్న. అచ్చు చూసి గీసి, రాయనీకి మరిచి, పేరు కోసం పూలమ్మను బలి ఇచ్చిండని రాస్తున్న. ఇంటికి రావొద్దంటే రాను."

ఆయన భూతద్దం తోలు సంచిలో పెట్టేశాడు.

"రాయి. కానీ మరిచినా అని రాయకు. నేనేం మరువలే."

"మరి?"

"గోపాలరావు సారు సున్నపు అచ్చు తెచ్చి నా బల్ల మీద పెట్టిండు. గిదే బిళ్ల, అసలుది పెట్టెల పెట్టిన, దీన్ని చూసి గియ్యి అన్నడు. అచ్చు అని కింద రాస్తనన్న. వద్దన్నడు. చేతిల పట్టుకొని గీసిన అని చెప్పు వామన్‌రావ్, మన పనికి ఇజ్జత్ ఉంటది అన్నడు. చెప్పిన. అందరికి చెప్పిన. మీ అమ్మకు చెప్పిన, నీకు చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపించింది."

నా కలం ఆగిపోయింది. బల్ల అవతల గోపాలరావుగారు పుస్తకం మూశారు. ఆయన తనకు తొంభై ఆరులో తెలిసిందన్నారు. ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు.

"బాపూ, అంటే నువ్వు..."

"నేను గా బిళ్లను గీడ, గిప్పుడే, మొదటిసారి చూసిన బిడ్డా. గది అసలుదో నకిలీదో నాకేం తెల్సు?"

షట్టర్ మీద ఎవరో లాఠీతో కొట్టారు. శ్యామ్‌సుందర్ పరుగెత్తి కింద తాళం తీశాడు. షట్టర్ గరగరమంటూ లేచింది, వెలుతురు ఒక్కసారిగా కళ్లలో పడింది. గడపలో ఖాకీ బట్టల మనిషి నిలబడి లోపలికి చూశాడు. శ్యామ్‌సుందర్ చేతిలో మా బాపు సంతకం పెట్టిన కాగితం ఉంది.

"పూలమ్మ అంటే ఎవరమ్మా?" అన్నాడు ఆ మనిషి.

పూలమ్మ కొంగు సర్దుకుని లేవబోయింది. ఆమె కంటే ముందు బాపు లేచి నిలబడ్డాడు.